తాబేలు అడిగిన గుమ్మం

చింతలవాగు పక్క అడవిలో మనసు చెదిరిన జంతువులకు వైద్యం చేసేది ఒక ముసలి తాబేలు. రోజూ పొద్దున్నే రోగి గుమ్మంలో కూర్చుని, ఆకుపసరు తాగించి, చెప్పుకున్నంతసేపూ వినేది. అలా విని విని ఎలుగుబంటి దిగులునే పోగొట్టిందని పేరు.

ఆ ఏడు వాగు గట్టున కొత్తగా చేను దున్నితే ఓ కుందేలు బొరియ నాగలి కింద పోయింది. పిల్లలూ పోయాయి. అప్పటినుంచి కుందేలు రోజుకో పొదలో తలదాచుకుంటూ, తనలో తనే మాట్లాడుకుంటూ, నేల అదురుతోందని ఉలిక్కిపడి పరుగులు తీసేది. కాస్త తేరుకున్న ఒక పూట తాబేలు దగ్గరికి వచ్చి, నిద్ర పట్టేలా చెయ్యమని బతిమాలింది.

"అలాగే తల్లీ. నీ ఇల్లెక్కడ?"

"లేదవ్వా. ఇవాళ రేగుపొదలో ఉన్నాను."

"మరి రేపో?"

"ఏమో."

తాబేలుకు బెంగ పట్టుకుంది. ఈమధ్య తనకే తోవలు గుర్తుండటం లేదు. రోజుకో పొదంటే ఎక్కడని వెతకడం? పైగా వీపున ఇంటితో పుట్టిన జీవి, ఇల్లు లేకపోవడమంటే ఏమిటో దానికి తోచనే లేదు. ఒక గుమ్మం చూసుకుని చెప్పమనీ, గుమ్మం లేనిదే మందు పనిచెయ్యదనీ అంది. గట్టునున్నవాడు ఎన్నయినా చెబుతాడు.

పక్కనే నీళ్ళు తాగుతున్న నక్క ఆ మాట విని, మూతి తుడుచుకుని వచ్చింది. తన బొరియ సగం ఖాళీయే అంది. తాను మాంసం మానేసి చాలాకాలమైందని కూడా అంది. కుందేలు వెనక్కి తగ్గింది.

"మందు కావాలా వద్దా చెల్లెమ్మా?" అంది నక్క మెల్లగా. "అవ్వ గుమ్మం అడిగింది. నేను ఇస్తానన్నాను. ఇంకెవరైనా ఇస్తామన్నారా?"

కుందేలు తాబేలు వైపు చూసింది, వద్దనే ఒక్క మాట కోసం. నక్క బొరియకు తోవ తిన్నగా ఉంటుంది, మరిచిపోయేది కాదు. తాబేలు మనసు తేలికపడి, "మంచిదేగా, రేపొస్తాను" అంది.

మర్నాడు పసరు దొన్నె నోట కరుచుకుని వెళ్ళేసరికి, నక్క గుమ్మంలో కాళ్ళు చాపుకుని ఎండ కాగుతోంది. తాబేలు దొన్నె దింపి కుందేలు ఏదని అడిగింది.

"నయమైపోయిందవ్వా. ఇక మందు అక్కర్లేదు," అని నక్క పెదాలు నాక్కుంది.

తాబేలు అక్కడే చతికిలబడింది. వచ్చేటప్పుడు దారిలో రేగుపొద తగిలింది. తన మడుగుకు కూతవేటు దూరం. నిన్న ఆ కొమ్మల కిందే కూర్చుని పసరు పట్టగలిగేది. ఆ తర్వాత అది ఏ రోగినీ ఇల్లెక్కడని అడగలేదు, ఎక్కడున్నావని మాత్రమే అడిగింది. కుందేలుకు మాత్రం ఆ ప్రశ్న అందలేదు.

నీడ లేనివాణ్ణి గుమ్మం చూపమంటే, వాడు నక్క గుమ్మమే చూపిస్తాడు.