మేళం వాళ్ళు ఇంగ్లీషు నేర్చుకున్న వైనం

మేళం వాళ్ళింట్లో తెలివికి కరువు లేదు. ఎవరన్నారంటారా? వాళ్ళే అన్నారు. పొద్దున్నే కాఫీ తాగుతూ ఒకళ్ళనొకళ్ళు మెచ్చుకోవడం ఆ ఇంటి అలవాటు. "నాన్నా, నీలాంటి బుర్ర ఈ చుట్టుపక్కల లేదు" అంటాడు కొడుకు. "నీకు మాత్రం ఏం తక్కువరా, నా పోలికే కదా" అంటాడు తండ్రి. మొన్నటికి మొన్న సింహాద్రి తాత కొత్త గొడుగు కొన్నాడు. దార్లో వాన పట్టుకుంది. కొత్తది తడిసిపోదూ? అంతే, గొడుగుని చొక్కాలో దాచుకుని, తాను నిలువునా తడిసి ఇంటికొచ్చాడు. ఇంటిల్లిపాదీ ఆ ముందుచూపుకి మురిసిపోయి తాతకి దిష్టి తీశారు.

మా చింతలగరువులో పెళ్ళి జరిగితే వీళ్ళ మేళమే. తాతది సన్నాయి. పెద్దకొడుకు బుల్లెంకులుది డోలు. చిన్నకొడుకు కొండబాబుది తాళం. బుల్లెంకులు పెళ్ళాం నూకరత్నం ఏమీ వాయించదు గానీ, ఎవరు బాగా వాయించారో ఇంటికొచ్చాక చెబుతుంది. వాయిద్యంలో మాత్రం వాళ్ళకి వంక పెట్టలేం. ఉన్నమాట చెప్పుకోవాలి కదా.

వీళ్ళకి ఒక్కతే పిల్ల, బుల్లెంకులు కూతురు లాస్య. రెండో క్లాసు, ఇంగ్లీషు మీడియం. పుస్తకం చూడకుండా ఎన్ని పేజీలైనా రాసేస్తుంది. నోరు మాత్రం విప్పదు. టీచరు ఏదైనా అడిగితే చాలు, గౌను అంచు నోట్లో పెట్టుకుని నేల చూపులు చూస్తుంది. చూసి చూసి హెడ్మిస్ట్రెస్ గారు తల్లిదండ్రుల్ని పిలిపించారు. "స్కూలు వార్షికోత్సవం నాడు మీ అమ్మాయి స్టేజీ మీద అందరి ముందూ ఒక్క వాక్యం ఇంగ్లీషులో మాట్లాడాలి. మాట్లాడితే మూడో క్లాసు. లేకపోతే వచ్చే ఏడు కూడా రెండో క్లాసే" అని తేల్చేశారు.

ఇంకేముంది, ఇంట్లో శోకాలు. "అమ్మా, నా స్నేహితులందరూ మూడో క్లాసుకెళ్ళిపోతే నేనొక్కదాన్నీ ఆ చిన్నపిల్లల్తో కూచోనా? నాకు సిగ్గు" అని లాస్య తల్లి కొంగులో మొహం దాచుకుని వెక్కివెక్కి ఏడ్చింది. పాపం, చూసేవాళ్ళకి కూడా కళ్ళు చెమ్మగిల్లాయి. నూకరత్నం పిల్లని గుండెలకి హత్తుకుని, "ఊరుకో నా తల్లీ! ఇంట్లో ఇన్ని బుర్రలుండగా నీకేం దిగులే!" అంది. ఆ మాటతో పిల్ల ఏడుపు ఇంకా ఎక్కువైంది.

సరిగ్గా అప్పుడే ఊరి కమ్యూనిటీ హాల్లో ఒక క్లాసు మొదలైంది. పిల్లల్ని ఇంగ్లీషు మీడియంలో వేసిన అమ్మానాన్నలకి సాయంత్రం పూట ఉచితంగా ఇంగ్లీషు నేర్పుతారు. నేర్పేది కల్పలత టీచరు. మహా ఓర్పుగల మనిషి. అంటే, అప్పటికి.

మేళం వాళ్ళు నలుగురూ వెళ్ళి ముందు వరసలో కూచున్నారు. టీచరు నవ్వుతూ చెప్పింది. "చీటీల మీద వస్తువుల ఇంగ్లీషు పేర్లు రాసి ఇంట్లో అన్నిటికీ అతికించండి. ఆ పేర్లు ఎప్పుడూ మీ పిల్లల కళ్ళముందే ఉండాలి. వాళ్ళతోపాటు మీకూ వచ్చేస్తాయి."

ఇదెంత పని! ఆ రోజే నూకరత్నం గిన్నెడు మైదా జిగురు కాచింది. లాస్య రాసిచ్చింది, మిగతావాళ్ళు అతికించారు. తలుపుకి, బిందెకి, మంచానికి, చివరికి తాత బట్టతలకి కూడా. "గ్రాండ్‌ఫాదర్" అని రాసి ఉన్న చీటీని అద్దంలో చూసుకుని, "ఇంటిమొత్తం మీద పొడుగాటి పేరు నాదే" అని తాత పొంగిపోయాడు.

తెల్లారింది. లాస్య పుస్తకాల సంచీ తగిలించుకుని బయల్దేరింది. ఉన్నట్టుండి కొండబాబు కెవ్వుమన్నాడు. "ఆపండి! పిల్ల బడికెళ్ళిపోతే చీటీలు కళ్ళముందెలా ఉంటాయి? ఎప్పుడూ ఉండాలన్నారు కదా టీచరుగారు!"

"ఓరి నీ బుర్ర బంగారం గానూ!" అన్నాడు బుల్లెంకులు. అంతే. తలుపు ఊడబీకి వీపున వేసుకున్నాడు. నూకరత్నం బిందె ఎత్తుకుంది. కొండబాబు మంచం నెత్తినెట్టుకున్నాడు. తాతకి మోసే పనిలేదు, తల తెచ్చుకుంటే చాలు. పక్కన నడిస్తే కళ్ళముందు ఉన్నట్టు కాదు కదా, అందుకని నలుగురూ పిల్లకి ఎదురుగా నిలబడి వెనక్కి వెనక్కి నడిచారు. అలా వెనక్కి నడుస్తూ తాత మురిక్కాలవలో పడ్డాడు. మంచం కోడు తగిలి బజ్జీల బండి మీద బాణలి బోర్లాపడింది. లాస్య సిగ్గుతో రెండు చేతులూ కళ్ళకి అడ్డం పెట్టుకుంటే, "కళ్ళు మూసుకోకమ్మా, పాఠం పోతుంది" అని బుల్లెంకులు బతిమాలాడు.

తిరిగొచ్చేసరికి ఇల్లు మేకలతో నిండిపోయింది. తలుపు లేదు కదా మరి! జిగురు రుచికి మిగతా చీటీలన్నీ తినేశాయి. తర్వాత బియ్యం బస్తా. ఆ తర్వాత తాత పెళ్ళిళ్ళకి కప్పుకెళ్ళే పట్టు కండువా. నూకరత్నం బుగ్గలు నొక్కుకుని, "ఇంకా నయం, తలుపు మనతో తీసుకెళ్ళాం. లేకపోతే దాన్ని కూడా తినేసేవి!" అంది. నిజమే సుమా అని అందరూ ఊపిరి పీల్చుకున్నారు.

సాయంత్రం సంగతంతా విని కల్పలత టీచరు తల పట్టుకుంది. "చీటీలు వదిలెయ్యండి బాబూ. ఇంట్లో తెలుగు మానేసి ఇంగ్లీషే మాట్లాడండి. ముందు వచ్చిన మాటలతోనే మొదలెట్టండి" అంది.

అప్పటికి వాళ్ళకి వచ్చిన మాటలేంటి? "గుడ్ మార్నింగ్", "థాంక్యూ". తాతకి అవి కూడా రావు. టీచరు నోరు విప్పగానే ఆయన గుర్రు పెట్టేవాడు.

మర్నాడు సాయంత్రం నూకరత్నం గారెలు వేస్తోంది. పొయ్యిలోంచి నిప్పురవ్వ ఎగిరి వంటింటి తాటాకు కప్పుకి అంటుకుంది. నూకరత్నం అదిరిపడి, "థాంక్యూ! థాంక్యూ!" అని అరిచింది. అరుగు మీద కూచున్న బుల్లెంకులు మా ఆవిడకి ఎంత మర్యాదో అనుకుని, "గుడ్ మార్నింగ్!" అని గట్టిగా జవాబిచ్చాడు. ఆవిడ గుండెలు బాదుకుంటూ మళ్ళీ "థాంక్యూ!" అంది. ఆయన వినయంగా మళ్ళీ "గుడ్ మార్నింగ్!" అన్నాడు. తాతకి ఇంగ్లీషు ముక్క రాదు గనక ఎవరేమన్నా చిరునవ్వుతో తలూపాడు. లాస్య ఒక్కతే "మంటలు! నీళ్ళు తెండి!" అని ఏడ్చింది. తాత చటుక్కున పిల్ల నోరు మూసేసి, తప్పు తప్పు అన్నట్టు వేలు చూపించాడు.

పొగ చూసి కొండబాబు పక్కింటికి పరిగెత్తాడు. పక్కింటి అచ్చియ్యమ్మ బియ్యం ఏరుకుంటోంది.

"ఏంట్రా ఆ పరుగు?"

"థాంక్యూ!" అన్నాడు చేతులు జోడించి.

"నేనేం చేశాన్రా నీకు?"

"గుడ్ మార్నింగ్!"

"దీపాలు పెట్టే వేళ గుడ్ మార్నింగేంట్రా, నీ మొహం!" అని తిడుతూ ఆవిడ తలెత్తి చూసేసరికి కప్పు భగ్గుమంటోంది. వీధి వీధంతా బిందెలతో పరిగెత్తుకొచ్చి ఆర్పారు. వంటిల్లు బూడిదైపోయింది. దేవుడి దయవల్ల మనుషులకేం కాలేదు.

"తెలుగులో ఒక్క కేక వెయ్యలేకపోయావురా సన్నాసీ! మా ఇంటికొచ్చి కూడా థాంక్యూ ఏంట్రా?" అని అచ్చియ్యమ్మ రోడ్డు మీద నిలబెట్టి కడిగేసింది. "ఇంట్లో తెలుగు మానెయ్యమన్నారు గానీ ఎవరింట్లోనో చెప్పలేదు పిన్నీ" అన్నాడు కొండబాబు. రోడ్డు మీద గనక తెలుగులోనే అన్నాడు.

ఇంతలో వార్షికోత్సవం రానే వచ్చింది. ఆ మధ్యాహ్నం పొరుగూళ్ళో పెళ్ళి. మేళం వాళ్ళు అక్కణ్ణుంచి డోలూ సన్నాయీ తాళాలతో సహా సరాసరి స్కూలుకొచ్చి ముందు వరసలో కూచున్నారు. నూకరత్నం అప్పటికే దేవుళ్ళందరికీ మొక్కేసుకుంది. "పిల్ల మాట్లాడేదాకా మీరు నోరు మెదపకండి. మీకు దణ్ణం పెడతాను" అని కల్పలత టీచరు నిజంగానే దణ్ణం పెట్టింది. నోరే కదా, సరేనన్నారు.

లాస్య స్టేజీ ఎక్కింది. మైకు ముందు నిలబడింది. గౌను అంచు మెల్లగా నోటి దాకా వచ్చింది. బుల్లెంకులు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. స్టేజీ మీదున్న హెడ్మిస్ట్రెస్ గారికి జాలేసి, "చెప్పమ్మా, చెప్పు" అన్నట్టు చెయ్యెత్తి వేళ్ళు గబగబా ఆడించారు.

అక్కడొచ్చింది చిక్కు! పెళ్ళిలో తాళి కట్టే వేళకి పురోహితుడు సరిగ్గా అలాగే చెయ్యెత్తి వేళ్ళాడిస్తాడు. ఆ సైగ చూస్తే మేళం వాళ్ళు ఆగుతారా? తుమ్మూ దగ్గూ ఏ అపశకునమూ వినపడకుండా గట్టిమేళం మోగాల్సిందే. అంతే. డోలు దద్దరిల్లింది. సన్నాయి ఆకాశాన్నంటింది. తాళాలు ఖంగుఖంగుమన్నాయి. నోరు మెదపలేదా అంటే, తాత తప్ప ఎవరూ మెదపలేదు.

గట్టిమేళం చెవిన పడితే జనం మాత్రం ఊరుకుంటారా? అలవాటైన ప్రాణాలు! వెనక వరసల్లో అందరూ గబుక్కున లేచి నిలబడ్డారు. అక్షింతల కోసం వెతుక్కున్నారు. అవి లేకపోయేసరికి పిల్లల చేతుల్లోని మరమరాలు లాక్కుని స్టేజీ మీదకి విసిరారు. అక్కడ పక్కపక్కన నిలబడిందెవరయ్యా అంటే, హెడ్మిస్ట్రెస్ గారూ, స్కూలు కరస్పాండెంటు గారూనూ. ఇద్దరి నెత్తినా మరమరాలు. ఎవరో ముసలమ్మ "నూరేళ్ళు చల్లగా ఉండండి" అని దీవించింది కూడా. ముందు కుర్చీలో కూచున్న కరస్పాండెంటు గారి భార్య కొంగు నడుముకి బిగించి లేచింది.

లాస్య అటు చూసింది, ఇటు చూసింది. ఆ పసిదాని ఒంట్లో రక్తం సలసలా మరిగింది. మైకు ఊడదీసి చేత్తో పట్టుకుంది.

"స్టాప్! ఎవ్రీబడీ స్టాప్! దిస్ ఈజ్ నాట్ ఎ మ్యారేజ్! దిస్ ఈజ్ ఎ స్కూల్! దట్ ఈజ్ మై ఫాదర్! ప్లీజ్ టేక్ హిజ్ డోలు!"

మేళం ఆగింది. ఆ తర్వాత చప్పట్లు! ఒక్క వాక్యం అడిగితే పిల్ల ఏకరువు పెట్టేసింది. హెడ్మిస్ట్రెస్ గారు జుట్టులోంచి మరమరాలు దులుపుకుంటూ, "మూడో క్లాసు" అన్నారు. ఇంకేమన్నా అంటే వీళ్ళు మళ్ళీ వాయిస్తారేమోనని భయం. నూకరత్నం పిల్లని ఎత్తుకుని ముద్దులతో ముంచెత్తింది.

కల్పలత టీచరుకి కూడా ఏడుపొచ్చింది, సంతోషంతోనో మరి దేంతోనో. "మీ పిల్ల పాసయిందంటే మీరందరూ పాసయినట్టే. ఇక నా క్లాసుకి రానక్కర్లేదు. ఒట్టు, రావొద్దు" అని అందరి చేతులూ పట్టుకుని మరీ చెప్పింది.

వేసవి సెలవులైపోయాయి. బడి తెరిచిన రోజు లాస్య కొత్త రిబ్బన్లు కట్టుకుని, మెరిసిపోతున్న మొహంతో మూడో క్లాసులోకి అడుగుపెట్టింది. పెట్టి, అక్కడే నిలబడిపోయింది. ముందు బెంచీలో నాన్న, అమ్మ, బాబాయి. ముగ్గురూ తలకి నూనె రాసుకుని, టిఫిను డబ్బాలు ఒళ్ళో పెట్టుకుని, చేతులు కట్టుకుని కూచున్నారు.

"టీచర్! ప్లీజ్ చేంజ్ మై సెక్షన్!" అంది లాస్య, గౌను అంచు ఊసే లేకుండా.

క్లాసు టీచరు నోరెళ్ళబెట్టింది. "ఏంటండీ ఇది?"

"పాసయ్యామండీ, ఆయ్" అన్నాడు బుల్లెంకులు లేచి నిలబడి. "కల్పలత టీచరుగారే చెప్పారండి."

"బాగానే ఉంది! మరి మీ నాన్నగారిని వదిలేశారేం?" అంది టీచరు ఒళ్ళు మండి.

"ఆయన మహా నిజాయితీగల మనిషండి. క్లాసులో రోజూ నిద్రపోయాను, నేను పాసవ్వడం అన్యాయం అని ఒప్పుకోలేదండి" అంది నూకరత్నం కళ్ళొత్తుకుంటూ. "పక్క గదిలో ఉన్నారు."

టీచరు వెళ్ళి పక్క గదిలోకి తొంగిచూసింది. రెండో క్లాసు పిల్లల మధ్య సింహాద్రి తాత మోకాళ్ళు గడ్డానికి తగిలేలా బుల్లి బెంచీలో ఇరుక్కుని కూచున్నాడు. అమ్మ కోసం ఏడుస్తున్న పక్కపిల్లాడి వీపు నిమురుతూ ధైర్యం చెబుతున్నాడు.

"ఏడవకురా అబ్బాయ్. ఈ ఏడు కాస్త కష్టపడి చదివామంటే, వచ్చే ఏడు మనమూ మా కోడలి క్లాసుకెళ్ళిపోవచ్చు."