నూకరాజు పీట

అనగనగా రాజూ లేడు, రాజ్యమూ లేదు. కొండ కింద ఒక రోడ్డు. రోడ్డు పక్కన రేకుల షెడ్లు. షెడ్ల నిండా కార్లు. మన కథంతా అక్కడే. ఎప్పటిదంటే నన్నడక్కండి. మన లైనుకి టర్బో అన్న మాట కొత్తగా వచ్చిన రోజులనుకోండి.

ఒరేయ్ ఎర్ర చొక్కా, ఆ ఫోను లోపల పెట్టు. ఇది ఒకసారే చెప్తాను. మధ్యలో ఏటీ ఏటీ అంటే చెప్పను.

ఆ షెడ్ల దగ్గర నూకరాజు అనే మనిషి ఉండేవాడు. కార్లు కడిగేవాడు. ఆయన సామానంతా మూడే మూడు. ఒక బకెట్టు, ఒక తువ్వాలు, ఒక పీట. పీట పనస చెక్కది. వాళ్ళమ్మ వంటింట్లోది. కారు చక్రాలు కిందకుంటాయి కదా, పీటేసుకుని కూర్చుని కడిగేవాడు. ఒక చక్రం అయ్యాక పీట ఎత్తి రెండో చక్రం దగ్గర వేసేవాడు.

మంచివాడే. కానీ పిరికివాడు. అలా ఇలా పిరికివాడు కాదు బాబూ! ఉరుమంటే భయం. కుక్కంటే భయం. పోలీసు సంగతి అలా ఉంచండి, పోస్టుమేన్ వచ్చినా భయమే. అన్నిటికన్నా ఇంజనంటే భయం. ఎవడైనా ఎక్సలేటరు గట్టిగా తొక్కితే చాలు, చంకలో పీట పెట్టుకుని కాలవ దాటి అవతల నిలబడేవాడు. చప్పుడు తగ్గాకే ఇవతలకి వచ్చేవాడు. అందుకే అందరూ భయంరాజు అని పిలిచేవారు. పిలిచి నవ్వేవారు.

ఆ వరుసలో పెద్ద షెడ్డు జాన్ సుందరానిది. చిన్న కార్లకి పెద్ద పరుగు నేర్పడం ఆయన పని. చేతిలో పనుంది, నోట్లో గర్వముంది. టర్బో ఏటో తెలీని వాళ్ళకి చెప్తాను వినండి. పొగ పోయే దారిలో ఒక చిన్న చక్రం ఉంటుంది. పొగ తోస్తే అది తిరుగుతుంది. అది తిరిగి గాలిని ఇంజన్లోకి కుక్కుతుంది. ఎంత గాలి కుక్కితే అంత డీజిలు, ఎంత డీజిలు పోస్తే అంత పరుగు. కంపెనీవాడు ఇంత చాలని ఒక హద్దు పెడతాడు. జాన్ సుందరం ఆ హద్దు దాటించేవాడు. ఆదివారం వచ్చిందంటే ఎక్కడెక్కడి కుర్రాళ్ళో కార్లేసుకుని ఆ షెడ్డు ముందు చేరేవారు. పోటీలు పడి కొండ రోడ్డు ఎక్కేవారు.

జాన్ సుందరానికి ఒక చెల్లెలు. పేరు ఏస్తేరు. అన్న కారు చేస్తే చెల్లెలు నడిపేది. తల్లీ తండ్రీ లేని పిల్ల, అన్నకి ప్రాణం. ఆ షెడ్డులో నూకరాజుని చూసి నవ్వనిది ఆ పిల్లొక్కతే. తనకి టీ తెచ్చుకుంటే ఆయనకీ ఒక గ్లాసు తెచ్చేది. "బాబాయ్, తాగు, చల్లారిపోతుంది" అనేది.

జాన్ సుందరం మొదట తెల్ల కారు చేశాడు. అందరూ చుట్టూ మూగారు.

"ఎంత పరిగెడుతుంది?" అని ఒకడు.

"కొండ ఎంతసేపట్లో ఎక్కుతుంది?" అని ఇంకొకడు.

వెనక నుంచి నూకరాజు గొంతు. "పరుగు సరే గానీ, ఆపితే ఆగుతాదేటి బాబూ?"

అందరూ నవ్వారు. "తాళం తీస్తే ఆగకేం చేస్తుందయ్యా భయంరాజూ!" అన్నాడు జాన్ సుందరం. అందరూ నవ్వారు, నూకరాజు నవ్వలేదు. తెల్ల కారు వెళ్ళింది, కొండ ఎక్కింది, వచ్చింది. తాళం తీస్తే ఆగింది.

తర్వాత ఎర్ర కారు చేశాడు. ఈసారి ఇంకా గాలి కావాలన్నాడు. కారు గాలి పీల్చే గొట్టానికి ముందు ఒక డబ్బా ఉంటుంది, దుమ్ము ఆపడానికి. అది దండగన్నాడు, ఊడదీసి మూల పడేశాడు. గొట్టం నోరు బార్లా తెరుచుకుని ఉండిపోయింది.

"ఎంత పరిగెడుతుంది?" అన్నారందరూ.

"పరుగు సరే గానీ, ఆపితే ఆగుతాదేటి బాబూ?" అన్నాడు నూకరాజు.

అందరూ నవ్వారు. కానీ ఆ ఎర్ర కారు దగ్గర ఒకటి జరిగింది. ఇది గుర్తు పెట్టుకోండి. ఇంజను మెల్లగా ఆడుతోంది. బానెట్ లేపి ఉంది. నూకరాజు వణుక్కుంటూ ముందు లైటు తుడుస్తున్నాడు. తువ్వాలు అంచు ఆ గొట్టం నోటి దగ్గరకి వెళ్ళింది. చప్పున అతుక్కుపోయింది! ఇంజను రెండు దగ్గులు దగ్గి చచ్చిపోయింది.

ఇంక చూడండి నవ్వులు. పొట్టలు పట్టుకుని నవ్వారు. "భయంరాజు కారు పీక నొక్కేశాడురా!" అని ఒకటే గోల. జాన్ సుందరం మాత్రం చెడామడా తిట్టాడు. ఏస్తేరు వచ్చి తువ్వాలు లాగి, దులిపి, ఆయన చేతిలో పెట్టింది.

"పోన్లే బాబాయ్, ఏం కాలేదు."

నూకరాజు ఆ గొట్టం వంకే చూస్తున్నాడు. "తాళం తియ్యకుండానే ఆగిపోనాదమ్మా" అన్నాడు. ఆయన మొహంలో నవ్వు కనబడింది ఆ ఒక్కసారే. అందరూ చూశారది. చూసి మరిచిపోయారు. భయపడేవాడు మరిచిపోడు కదా!

మూడోది నల్ల కారు. అది చెయ్యకుండా ఉండవలసింది. ఏం చేస్తాం, చేశాడు.

తెల్ల కారుకి మించి, ఎర్ర కారుకి మించి గాలి కుక్కాడు. దీనికీ దుమ్ము డబ్బా పెట్టలేదు. బరువు తగ్గాలని వెనక సీట్లు పీకేశాడు. తలుపుల లోపలి అట్టలు పీకేశాడు. నడిపేవాళ్ళు కదలకుండా భుజాల మీదుగా, నడుం మీదుగా దిగే పట్టీల బెల్టు పెట్టాడు. ఎక్కడో పాత సామానులో దొరికిన బెల్టు అది. కొక్కెం బిగుసుకుపోయేది. సుత్తితో కొడితే ఊడేది. ఆ, చాల్లే అన్నాడు.

నూకరాజు ఆ కారు కడుగుతున్నాడు. గొట్టం నోటికి నూనె తడి కనబడింది. తుడిచాడు. పొద్దున్నే చూస్తే మళ్ళీ తడి. తుడిచాడు. మళ్ళీ తడి. ఇంజనాడుతుంటే టర్బో ఈల వేస్తుంది కదా, ఈ కారు ఈల ఆయనకి ఏడుపులా వినబడింది. వెళ్ళి జాన్ సుందరంతో చెప్పాడు.

"బాబూ, ఇది నూనె కక్కుతోంది. నాకు భయమేస్తోంది."

"నీకెప్పుడు భయం వెయ్యలేదు గనక?" అన్నాడు జాన్ సుందరం.

ఆదివారం వచ్చింది. ఏస్తేరు చర్చి నుంచి నేరుగా షెడ్డుకి వచ్చింది. ఎండ ఫెళఫెళలాడుతోంది. షెడ్డు నిండా జనం. నల్ల కారు ముక్కు గోడ వైపు పెట్టి, బానెట్ లేపి, చక్రాలకి రాళ్ళు అడ్డం వేశారు. ముందు ఇక్కడ ఇంజను పాడించి అందరికీ వినిపించాలి, తర్వాత కొండకి తీసుకెళ్ళాలి.

"ఎంత పరిగెడుతుంది?" అన్నారందరూ.

ఏస్తేరు తలుపు తీసింది. నూకరాజు జనాన్ని తోసుకుని ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

"పరుగు సరే గానీ, ఆపితే ఆగుతాదేటి బాబూ? పాపని ఎక్కించొద్దు. నీ కాళ్ళట్టుకుంటాను."

జాన్ సుందరానికి జనం ముందు కోపం ముంచుకొచ్చింది. "భయమైతే కాలవ అవతలికి ఫో! మంచి రోజున అపశకునం మాటలు!"

ఏస్తేరు నవ్వి ఆయన భుజం మీద చెయ్యి వేసింది. "ఏం కాదు బాబాయ్. దిగాక ఇద్దరం టీ తాగుదాం."

నూకరాజు బకెట్టు, తువ్వాలు, పీట తీసుకుని కాలవ అవతలికి వెళ్ళిపోయాడు.

ఏస్తేరు ఎక్కింది. బెల్టు బిగించుకుంది. తాళం తిప్పింది. ఎక్సలేటరు తొక్కింది. ఇంజను పాడింది. జనం కేకలు పెట్టారు. "ఇంకొంచెం" అన్నాడు అన్న. తొక్కింది. "ఇంకొంచెం" అన్నాడు. తొక్కింది. "ఇంకొక్క కొంచెం" అన్నాడు. తొక్కింది. తొక్కి, కాలు తీసేసింది.

కాలు తీసేసింది. ఇంజను తగ్గలేదు!

లోపల టర్బోలో నూనెని ఆపే సీలు చిరిగిపోయింది. ఇంజను తన నూనె తనే తాగుతోంది. తాగుతూ పరిగెడుతోంది. ఏస్తేరు తాళం తీసింది. ఆగలేదు. తాళం తీస్తే డీజిలు ఆగుతుంది, నూనె ఆగుతుందేటి? గేరు వేసి ఇంజనుని కట్టెయ్యాలని చూసింది. అంత బలానికి క్లచ్చు ముందే మాడిపోయి ఉంది, పట్టలేదు. తాళం చెవి చేతిలో ఉంది, ఇంజను అరుస్తోంది! వినండర్రా, ఆ అరుపు విన్నవాళ్ళు ముసలాళ్ళయ్యాక కూడా నిద్రలో ఉలిక్కిపడేవారు. రేకులు అదిరిపోతున్నాయి. తెల్లటి పొగ షెడ్డంతా కమ్మేసింది. ఇంక ఏ క్షణమైనా ఆ ఇంజను పగులుతుంది. పగిలితే ఇనప ముక్కలు అద్దంలోంచి ఆ పిల్ల మీదకే.

"దిగవే! దిగు!" అని అరిచాడు అన్న.

"బెల్టు ఊడట్లేదన్నా!"

సుత్తి ఎక్కడుందో పొగలో కనబడదు. జాన్ సుందరం చేత్తో గుద్దాడు. పళ్ళతో పీకాడు. "కత్తి! ఎవరైనా కత్తి ఇవ్వండ్రా!" అని ఏడ్చాడు. ఎవరిస్తారు? ఎంత పరిగెడుతుందని అడిగిన వాళ్ళంతా పరిగెత్తారు. ఒకళ్ళనొకళ్ళు తోసుకుని, చెప్పులొదిలేసి పరిగెత్తారు.

అందరూ బయటికి వస్తుంటే ఒక్క మనిషి లోపలికి వస్తున్నాడు. అమ్మో, అమ్మో అని ఏడుస్తూ వస్తున్నాడు. పళ్ళు టకటక కొట్టుకుంటున్నాయి. పంచె తడిసిపోయింది. భయం పోయి వచ్చాడనుకునేరు, కాదు. భయపడుతూనే వచ్చాడు. చేతిలో బకెట్టు, భుజాన తువ్వాలు, చంకలో పీట.

బకెట్టు నీళ్ళు ఇంజను మీద కుమ్మరించాడు. బుస్సుమని ఆవిరి లేచింది. ఇంజను ఆగలేదు.

తువ్వాలు గొట్టం నోట్లో పెట్టాడు. ఒక్క గుటకలో మింగేసింది. ఇంజను ఆగలేదు.

పీట తీశాడు. వాళ్ళమ్మ కూర్చున్న పీట. గొట్టం నోటికి అడ్డంగా పెట్టి, రెండు చేతులతో, రొమ్ముతో, ఒంట్లో ఉన్న బరువంతా వేసి అదిమాడు. అదిమి కళ్ళు మూసుకున్నాడు.

గొట్టం పీటని పట్టుకుంది. ఇంజనుకి ఊపిరాడలేదు. ఒకసారి ఎగిరింది. అదిమాడు. రెండోసారి ఎగిరింది. అదిమాడు. మూడోసారి కారంతా కుదిపేసి, ఒక మూలుగు మూలిగి, చచ్చింది.

షెడ్డులో చప్పుడు లేదు. పొగ మాత్రం ఉంది. జాన్ సుందరం ఎలాగో సుత్తి దొరికించుకుని కొక్కెం బద్దలుకొట్టి చెల్లెల్ని బయటికి లాగాడు. ఇద్దరూ పట్టుకుని ఏడ్చారు. జనం మెల్లగా వచ్చి వాళ్ళ చుట్టూ చేరారు. నూకరాజు సంగతి ఎవరికీ గుర్తు లేదు.

ముందు ఏస్తేరే చూసింది. ఆయన ఇంకా ఇంజను మీదకి వంగే ఉన్నాడు. ఇంకా పీట అదిమే ఉన్నాడు.

"బాబాయ్, వదిలెయ్."

ఆయన కళ్ళు తెరవలేదు. "ఆగిందేటమ్మా?" అన్నాడు.

"ఆగింది బాబాయ్."

"నిజంగా ఆగిందేటి?"

జాన్ సుందరం వచ్చి ఆయన చేతుల మీద చేతులు వేశాడు. "ఆగింది నూకరాజూ" అన్నాడు. ఆ షెడ్డులో ఆయన్ని పేరు పెట్టి పిలవడం అదే మొదలు.

అప్పుడు వదిలాడు. గోడకి జారబడి కూర్చున్నాడు. గుండె మీద చెయ్యి పెట్టుకుని, టీ తాగుదాం అన్నావు కదమ్మా అన్నాడు. ఏస్తేరు పరిగెత్తింది. గ్లాసు పట్టుకుని వచ్చేసరికి నూకరాజు లేడు. గాయం లేదు, రక్తం చుక్క లేదు. అంత భయం ఆ గుండె మొయ్యలేకపోయిందన్నారు పెద్దవాళ్ళు. ఏస్తేరు ఆ గ్లాసు పట్టుకుని ఆయన పక్కనే కూర్చుండిపోయింది. టీ చల్లారిపోయింది.

పీట మీద గొట్టం నోరు గుండ్రంగా అచ్చు పడింది. ఏస్తేరు దాన్ని కడిగి, షెడ్డు గుమ్మానికి తగిలించింది. జాన్ సుందరం మూల పడేసిన డబ్బా దులిపి మళ్ళీ బిగించాడు. ఆ తర్వాత డబ్బా లేని కారు ఆ షెడ్డులోంచి బయటికి పోలేదు. పక్క షెడ్డువాడు ఒక పీట తగిలించాడు. వాడి పక్కవాడూ తగిలించాడు. కొండకి ఇవతలా అవతలా టర్బో పని చేసే షెడ్డుకి ఎక్కడికైనా వెళ్ళి చూడండి, గుమ్మం పక్కన పీట ఉంటుంది. ఇప్పటి కార్లకి గాలి మూసే తలుపు కంపెనీవాడే పెడుతున్నాడంట. పెట్టుకోమనండి, మేం పీట దింపం. దాని మీద ఎవరూ కూర్చోరు కూడా.

ఇంకోటుంది. కారు తయారయ్యాక ఎంత పరిగెడుతుందని మా దగ్గర ముందు అడగరు. షెడ్డులో పెద్దవాళ్ళెవరో ఆయన అడిగినట్టే అడుగుతారు. నడిపేవాళ్ళు నోటితో జవాబు చెప్పకూడదు. గట్టిగా తొక్కి, కాలు తీసి, తాళం తియ్యాలి. చప్పుడు పూర్తిగా పోయేదాకా ఎవ్వరూ మాట్లాడకూడదు. పోయాక అందరూ కలిసి, ఆగింది నూకరాజూ అనాలి. ఆయన భయపడుతూ ఉంటాడు కదా, చెప్పాలి.

ఏం రా ఎర్ర చొక్కా, మొహం అలా అయిపోయిందేం? నీ కారు ఇందాకటి నుంచీ బయట ఈల వేస్తూనే ఉంది. మా అందరికీ వినబడుతోంది. పద, వెళ్ళి కూర్చో.

ఆపితే ఆగుతాదేటి బాబూ?

నోటితో చెప్పకు. తాళం తియ్యి.