పెంకులో కొండజెముడు

అనగనగా, ఉప్పు మూటలు ఎద్దుల మీద కొండలెక్కే కాలంలో, ఎగువ సీమ అని ఒక రాతి నేల ఉండేది. అక్కడ వాన తక్కువ, గాలి ఎక్కువ. ఆ రాళ్ల సందుల్లో ఉసిరికాయంత కొండజెముడు పెరిగేది. ఒళ్లంతా ముళ్లే. అయినా ఏడాదికొకసారి నెత్తిన గులాబిరంగు పువ్వు కిరీటంలా పెట్టుకునేది. ముళ్లున్నవాళ్లకు కిరీటమేమిటని అడగకండి. రాజులను చూడలేదా?

ఆ సీమలో ఒక ఆచారం. ఆడపిల్ల అత్తవారింటికి వెళ్తూ, పగిలిన కుండ పెంకులో పుట్టింటి కొండజెముడు పట్టుకెళ్లాలి. ఏడాది తిరిగేలోగా అది పూస్తే, పిల్ల ఆ ఇంట్లో కుదురుకున్నట్టు. పూయకపోతే, ఆ ఇల్లు ఆమెకు పడలేదని పెద్దలొచ్చి వెనక్కి తీసుకుపోతారు.

పైడి అనే పిల్లను దిగువ ఊరి ఉప్పు వర్తకుడు రత్నశెట్టి కొడుకు మాచయ్యకు ఇచ్చారు. పెళ్లిలో ఆ పెంకు మీద కూర్చోబోయి వరుడి మేనమామ పెట్టిన కేక గురించి చెబితే పొద్దు చాలదు. పైడికి మొగుడు నచ్చాడు, ఇల్లూ నచ్చింది. పెంకును గోడమీద ఎండలో పెట్టింది. "దీన్ని ముట్టకండి" అని చెప్పాలనుకుంది. కొత్తకోడలు కదా, నోరు రాలేదు.

అత్త వీరాంబ చూసింది. "అయ్యో, మట్టి పొడిబారింది! పిల్ల పుట్టింటి ప్రాణం!" అని రోజూ చెంబుతో నీళ్లు పోసింది.

మామ రత్నశెట్టి చూశాడు. "వట్టి నీళ్లకు కండ పడుతుందా?" అని గులకరాళ్లు తీసేసి పశువుల ఎరువు నింపాడు.

మాచయ్య చూశాడు. "ఎండకు కమిలిపోతుంది" అని వసారాలో నీడకు మార్చాడు.

జెముడు ఉబ్బింది. "చూశారా, ఒళ్లు చేసింది!" అని వీరాంబ మురిసిపోయింది. అది ఒళ్లు చేయడం కాదు, నీరు పట్టడం. చలికాలం వచ్చేసరికి, వేలు పెడితే కుళ్లిన జామపండులా కుంగింది.

పైడి వెక్కి వెక్కి ఏడ్చింది. కళ్లు తుడుచుకుని వెతికితే, అడుగున ఒక పిలక మాత్రం శనగగింజంత గట్టిగా మిగిలింది. దాన్ని కోసి, గాయం ఎండేదాకా ఆరబెట్టి, గులకరాళ్లలో నాటి గోడమీద దాచుకుంది.

ఏడాది దగ్గరపడింది. కోడలు వెళ్లిపోతుందన్న బెంగతో వీరాంబకు తిండి సయించలేదు. సంతకు పోయి ఎర్రపూలతో ఉన్న జెముడొకటి తెచ్చింది.

"జెముడంటే జెముడే. వచ్చే పెద్దాయనకు చూపు ఆనదు. నువ్వు నోరు మెదపకు తల్లీ."

ఎగువ సీమ పెద్ద గురవప్ప వచ్చి, పూలను తడిమి, "బాగా పూసిందే! ఇక నాకేం పని?" అని లేచాడు.

పైడి ఆ ఎర్రపూలవంక చూసింది. ఊరుకుంటే ఇల్లు దక్కుతుంది. కానీ ఆ దక్కిన ఇంట్లో రోజూ ఆ పూల మొహం చూడాలి.

"తాతా, ఇది మనది కాదు" అని మొక్కను గిల్లింది. తెల్లగా పాలు కారాయి. "మన జెముడుకు పాలుండవు, నీరే ఊరుతుంది. ముల్లు మొలిచేచోట దూదిలాంటి నూగుంటుంది. నాది కుళ్లిపోయింది. ఇదిగో, దీని పిలక."

వీరాంబ అడ్డొచ్చింది. "పిల్ల తప్పు లేదు బాబూ! నీళ్లు పోసి చంపింది నేనే, సంత మొక్క తెచ్చిందీ నేనే."

"ఎరువు నాది" అన్నాడు రత్నశెట్టి. "నీడ నాది" అన్నాడు మాచయ్య.

"ఇంటిల్లిపాదీ ముద్దుచేసి చంపారన్నమాట!" అని గురవప్ప నవ్వాడు. "పిలక బతికే ఉంది. ఇంకో ఏడాది చూస్తాను. అప్పటికీ పూయకపోతే పిల్ల నా వెంట రావాలి."

ఈసారి పైడి నోరు విప్పింది. "వానాకాలంలో మట్టి బాగా ఎండాక ఒక గుక్క. చలికాలంలో చుక్క కూడా వద్దు, అది నిద్రపోయే కాలం. మీరు చేయవలసింది ఏమీ చేయకపోవడమే."

"అదెంత పని!" అన్నాడు రత్నశెట్టి.

అదే పెద్ద పని. చలిలో జెముడు ముడతలుపడి మట్టిలోకి కుంగింది. రత్నశెట్టి ఎరువు తట్టతో వచ్చి, గొణుక్కుంటూ బీరపాదుకు వేశాడు. మాచయ్య నీడకని తడిక తెచ్చి, దాని కింద తనే కూర్చున్నాడు. వీరాంబ చెంబెత్తింది.

"ఒక్క చుక్క పోస్తే ఏం పోతుందే?"

"నేను పోతాను అత్తమ్మా."

వీరాంబ చెంబెడు నీళ్లూ తన కాళ్లమీదే కుమ్మరించుకుంది.

ఎండలు ముదిరాయి. నూగులోంచి గులాబిరంగు మొగ్గ తల ఎత్తింది. గురవప్ప వచ్చిన పూట, పిలక కంటే పెద్ద పువ్వు ఎండకు విప్పారి నవ్వుతోంది. ఆయన కడుపునిండా భోంచేసి, ఒంటరిగానే కొండెక్కాడు.

అడిగి తెలుసుకోని ప్రేమ మంచి మొక్కనైనా కుళ్లబెడుతుంది. నోరు విప్పి చెప్పిన నిజం చిన్న పిలకనైనా పూయిస్తుంది.