కొబ్బరి చక్రాల బండి

అనగనగా ఒక రాజు. ఆయన మీసం మీద ఏడు పిచ్చుకలు గూళ్ళు కట్టుకున్నాయంటే చూసుకోండి! ఆయనకు ముగ్గురు కొడుకులు. మంజులవల్లి అనే రాజకుమార్తెను ఒక మాంత్రికుడు ఎత్తుకుపోతే, విడిపిస్తామని వెళ్ళిన పెద్దవాళ్ళిద్దరూ తిరిగి రాలేదు. వాళ్ళను వెతుకుతూ చిన్నవాడు జయకేతుడు బయలుదేరాడు. ఆరు సముద్రాలు దాటాడు. ఏడో సముద్రంలో పడవ బద్దలైంది. ఒక పలక, ఒక తెడ్డు, గుమ్మడికాయలంత కొబ్బరికాయలు నాలుగు మిగిలాయి.

వాటితో కొట్టుకొచ్చిన ఒడ్డున మూడామడల ఉప్పు మైదానం. కాలు పెడితే ఉప్పుబొమ్మే. అన్నలిద్దరూ నడిమధ్యన తెల్లగా నిలబడి ఉన్నారు. ఆవలి అంచున పంజరం, అందులో చిలక. ఆ చిలకే మంజులవల్లి. మాంత్రికుడు తన ప్రాణం ఆ పంజరంలోనే దాచాడు. తలుపు తెరిస్తే వాడు చస్తాడు.

ఇవన్నీ చెప్పింది ఒడ్డునున్న ముసలి పొట్టేలు. పన్నెండేళ్ళుగా అది సముద్రంతోనే మాట్లాడింది. సముద్రం ఒక్కసారీ బదులివ్వలేదు.

"బండి కట్టి ఎక్కు అబ్బాయ్, నేను ఢీకొట్టి ఉప్పు దాటిస్తాను" అంది.

తెడ్డు విరిచి ఇరుసులు చేశాడు. కాయలకు చిల్లులు పొడిచి పలక కింద చక్రాలుగా తగిలించాడు. పొట్టేలు కొట్టింది. చక్రం బిగిసింది, కదల్లేదు. కొబ్బరి నూరి ఇరుసుకు రాశాడు.

రెండోసారి, పొట్టేలు తలకు దెబ్బ తగులుతుందని పలక వెనక తలపాగా కట్టాడు. దెబ్బంతా మెత్తటి గుడ్డే మింగేసింది.

"నా తల మీద జాలి పడితే నీ బండి కదలదురా!"

తలపాగా విప్పాడు. మూడోసారి కొట్టింది. బండి జానెడు జరిగి ఆగింది.

"ఏం మామా, కొండను పిండి చేసే తల, చీమను తోసినట్టు తోశావేం?"

పొట్టేలు సముద్రం వైపు తల తిప్పుకుంది.

"గట్టిగా కొడితే వెళ్ళిపోతావుగా. తిరిగి వస్తామని పన్నెండేళ్ళ కిందట మీ అన్నలూ అన్నారు."

జయకేతుడు తలపాగాను దాని కొమ్ములకు చుట్టాడు. "రాజు కొడుకు తలపాగా వదిలి ఎక్కడికి పోతాడు మామా?"

పొట్టేలు కళ్ళు మూసుకుని, నూరు బారలు వెనక్కి వెళ్ళి, నుదురు వంచి పరిగెత్తుకొచ్చింది. ఫెళ్ళుమంది! ఆ మోతకు ఏడు సముద్రాల చేపలూ ఒడ్డున పడ్డాయి. మూడామడలూ మూడు రెప్పపాట్లలో దాటి, బండి మీద నుంచే పంజరం తలుపు లాగేశాడు. మాంత్రికుడు కూలాడు. ఉప్పు పచ్చికైంది. అన్నలు ఆవులిస్తూ లేచారు. చిలక మంజులవల్లి అయింది.

"ముందు పెళ్ళా?" అన్నారు అన్నలు.

"ముందు తలపాగా" అన్నాడు జయకేతుడు, ఒడ్డుకు పరిగెడుతూ.

పొట్టేలు దారి వైపే చూస్తూ కూర్చుని ఉంది.

పెళ్ళికొడుకు ఏనుగెక్కలేదు. కొబ్బరి బండెక్కితే పొట్టేలు మామ దాన్ని ఢీకొడుతూ ఊరంతా ఊరేగించాడు. వాళ్ళు మూడు వందల ఏళ్ళు ఏలారు. అబద్ధమంటారా? ఆ ఊరేగింపులో నా కాలు తొక్కింది ఆ బండే!