పైడితల్లి పేరు

ఉప్పుటేటి పల్లెలో పడవలకు పూత వేసే ఎల్లాయమ్మ, నడిపే దిక్కులేక తన ఫైబరు పడవను ఊరిపెద్ద దాలినాయుడికి అమ్ముకుంది. దాని మీద చనిపోయిన కూతురు పైడితల్లి తన చేత్తో రాసుకున్న పేరుంది. ఆ పేరు చెరపనని మాటిచ్చి కొన్న నాయుడు, పడవ చేతికి రాగానే మాట మార్చాడు. ఒక చవక స్ప్రే గన్ తెచ్చి, “దీని ముందు పట్నం గన్నులు ఎందుకూ పనికిరావు. తెల్ల జెల్‌కోటు పూత కొట్టి ఆ పేరు కప్పెయ్” అని పదిమంది ముందు ఎల్లాయమ్మకే పురమాయించాడు.

గన్ తుమ్మి తుమ్మి మూసుకుపోయింది.

“తెల్లరంగు కలపడంతో పూత చిక్కబడింది బాబూ. ఈ గన్ను లాగలేదు.”

“నా గన్నుకే వంకలా? రంగు కలపడం మానేసి ఉత్త పూతే కొట్టు!”

“అలాగే బాబూ.”

రంగులేని పూత ఆరి అద్దంలా గట్టిపడింది. దాని కింద పైడితల్లి పేరు మునుపటికన్నా మెరిసింది.

నాయుడు మండిపడ్డాడు. “ఇదేంటే?”

“మీరు చెప్పిందే బాబూ. పేరు కప్పాలంటే మంచి గన్ కావాలి. మీ గన్ పనికిరాదని చెప్పి పట్నం నుంచి తెప్పించమంటారా?”

పదిమందీ చూస్తుంటే తన గన్ను పనికిరాదని ఒప్పుకోలేక, నాయుడు దాన్ని పట్టుకుని ఇంటిదారి పట్టాడు. అందరూ నవ్వారు.

ఎల్లాయమ్మకు నవ్వు రాలేదు. మర్నాడు పడవ వేటకు కదిలింది. ‘అమ్మకుండా ఉండాల్సింది’ అనుకుంటూ, బిడ్డ రాసిన అక్షరాలు కనపడినంత మేరా చూస్తూ ఒడ్డునే నిలబడింది.