కుక్కలకు తెలిసిన నిజం

వరుసగా మూడేళ్లు వానలు లేవు. సోమలమ్మ ఇద్దరు పిల్లలను వెంటబెట్టుకుని ఊరు విడిచింది. బాటసారుల పిల్లలకు పాలు పోసే తోటలకు రాజుగారు పన్ను తీసేశారని విని, ఆశగా చెంగలరాయుడి తోటకు వెళ్లింది. వాకిట్లోనే కుక్కలు తరిమితే, వాకిలి బయటే ఆగిపోయింది.

ఇంతలో రాజుగారు అధికారులతో తోట చూడటానికి వచ్చారు. కుక్కలు అధికారుల చుట్టూ తోకలాడిస్తూ తిరిగాయి.

"రోజుకు ఎంతమంది పిల్లలు వస్తారు?" అని అడిగారు రాజుగారు.

"యాభైకి తగ్గరు ప్రభూ. ఈవిడ పిల్లలు కూడా ఇప్పుడే తాగారు," అన్నాడు చెంగలరాయుడు.

సోమలమ్మకు ఏడ్చే ఓపిక కూడా లేదు. పిల్లల చేతులు పట్టుకుని వాకిలి దాటి లోపలికి నడిచింది. కుక్కలు మొరుగుతూ మీదికొచ్చాయి. భటులు అడ్డుపడ్డారు.

"రోజూ యాభైమంది పిల్లలను చూసే కుక్కలు వీళ్ల మీదికి ఎందుకొస్తాయి మారాజా? మీ అధికారులను చూస్తే మాత్రం తోకలాడించాయి. ఇక్కడ ఎవరు పాలు తాగి వెళ్తున్నారో వాటికి తెలుసు," అంది సోమలమ్మ.

రాజుగారు తలదించుకుని, దగ్గరుండి పాలు పోయించారు. ఆ ఒక్కపూట పిల్లల కడుపు నిండింది.

వారం తిరక్కుండానే చెంగలరాయుడు కుక్కలను మార్చేశాడు. కొత్తవి మొరగవు. నేరుగా కరుస్తాయి.