దురద మందుకి నలుగురు కాపలా

గొడుగు తడిసిపోతుందని చంకలో దాచుకుని, వానలో తడుస్తూ నడిచే ఇల్లు అది. ఇంటిపెద్ద గవరయ్య, పెళ్ళాం సింగమ్మ, కొడుకు పైడిరాజు, కోడలు అప్పలకొండ. "తెలివంతా మనింట్లోనే పడిపోయిందే! పక్కింటోళ్ళకి కాస్త పంచుదామంటే తీసుకోరు" అని గవరయ్య రోజూ బాధపడేవాడు.

ఆ ఊళ్ళో మందుల కచేరీ అని ఒకటుంది. కొత్త మందులు కనిపెట్టేవాళ్ళకి జనం కట్టిన పన్నుల్లోంచి ఖర్చులిస్తుంది. ఎవరేం చేస్తున్నారో చూసే దిక్కు మాత్రం లేదు. ఒకడైతే బెల్లం ఉండలు చుట్టి ఇదే మందన్నాడు. దాంతో కచేరీ నడిపే దివానుగారికి ఒళ్ళు మండింది. ఇకమీదట గట్టి కాపలా ఉండాలన్నాడు. "మేమున్నాం బాబూ" అని గవరయ్య ఇంటిల్లిపాదీ ముందుకొచ్చారు. అంతే, ఉద్యోగం ఇచ్చేశాడు.

అప్పుడు సత్తెమ్మ అనే నాటువైద్యురాలు గజ్జికి పూతమందు చేస్తోంది. ఊరంతా గోక్కుంటున్న రోజులు. పున్నమికల్లా మందు గుణం చూపిస్తేనే మిగతా ఖర్చులు. లేకపోతే పొయ్యి ఆర్పుకోవడమే.

"కళ్ళార్పకుండా చూడండి" అన్నాడు దివాను. అంతే, నలుగురూ సత్తెమ్మ పొయ్యి చుట్టూ చేరి రెప్ప వెయ్యలేదు. పొగకి కళ్ళమ్మట ధారలు.

"ఓలమ్మో, మందులో కన్నీళ్ళు పడతన్నాయి, లెగండి!" అంది సత్తెమ్మ.

"రెప్పేత్తే ఉద్యోగం పోదేటి? నువ్వే మూకుడు జరుపుకో" అంది సింగమ్మ.

ఆ మూకుడు కాస్తా పారబొయ్యాల్సొచ్చింది. దివాను తల పట్టుకుని, "కాపలావాళ్ళ మీద కూడా కాపలా ఉండాలయ్యా!" అన్నాడు. ఇంకేముంది! గవరయ్యని కొడుకు చూశాడు, కొడుకుని కోడలు చూసింది, కోడల్ని అత్త చూసింది, అత్తని గవరయ్య చూశాడు. సత్తెమ్మ నీళ్ళకెళ్తూ, "కాస్త మూకుడు చూడండి నాయనా" అంది.

"మేమేటి, ఖాళీగా ఉన్నామా?" అన్నాడు పైడిరాజు తండ్రి మీద చూపు తియ్యకుండా. మందు మాడి బొగ్గైపోయింది.

సత్తెమ్మ ఏడ్చి, ముక్కు చీదుకుని, మళ్ళీ వండింది. ఈసారి దివాను విడమరిచి చెప్పాడు. "గజ్జి ఉన్నవాళ్ళలో సగంమందికి పూయండి, సగంమందికి వద్దు. మిగతా అన్నిటా వాళ్ళూ వీళ్ళూ సమానంగా ఉండాలి. తేడా వస్తే ఊరుకోను!"

పూశారు. నాలుగు రోజులకి పూయించుకున్నవాళ్ళ ఒళ్ళు నున్నగా అయింది. హాయిగా గురకలు పెట్టారు. పూయించుకోనివాళ్ళు గోడలకేసి వీపు రుద్దుకుంటున్నారు. సత్తెమ్మ మొహం వెలిగింది. గవరయ్య మొహం మాడింది.

"ఒసే, తేడా వచ్చేసిందే! వీళ్ళు గోక్కుంటన్నారు, వాళ్ళు గోక్కోడం లేదు!"

"దురదగొండి ఆకుంది కదా మావా" అంది కోడలు.

ఇంకేముంది! గోనెపట్టాతో ఆకు పీక్కొచ్చి, నయమైనవాళ్ళని పట్టుకుని రుద్దేశారు. వాళ్ళు గెంతులే గెంతులు.

"నా మందు నాశనం చేశార్రా!" అని సత్తెమ్మ గుండె బాదుకుంది.

"నీ మందు జోలికే పోలేదు పిన్నీ. మనుషుల్నే సమానం చేశాం" అన్నాడు పైడిరాజు.

పున్నమికి దివాను వచ్చాడు. అందరూ గోక్కుంటున్నారు. "గుణం లేదన్నమాట" అని వెనక్కి తిరిగాడు. సత్తెమ్మ కాళ్ళ మీద పడింది.

"వెంట్రుకవాసి తేడా రానివ్వలేదు బాబూ" అని గవరయ్య మీసం దువ్వాడు.

"ఒక్క తేడా ఉంది మావా. బాబుగారు గోక్కోడం లేదు!" అని అప్పలకొండ ఆకు తీసి దివాను మెడకి రాసేసింది.

తలపాగా ఒకవైపు, దివాను ఒకవైపు. సత్తెమ్మ పరుగున వచ్చి మందు పూసింది. కాసేపటికి మంట చల్లారింది. "అమ్మా, మందంటే ఇదీ!" అని ఆయన అక్కడికక్కడే మిగతా ఖర్చులకి ముద్ర కొట్టాడు.

"అయ్యో, బాబుగారు మళ్ళీ తేడా అయిపోయారు!" అంది సింగమ్మ.

అంతే, దివాను గుర్రమెక్కి పారిపోయాడు. నలుగురూ ఆకు పట్టుకుని పొలిమేర దాకా తరిమారు. అందలేదు. రొప్పుతూ నిలబడి ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. తాము కూడా గోక్కోడం లేదు! అంతే, మిగిలిన ఆకంతా వీపులకి రుద్దేసుకున్నారు.

"ఇప్పుడు సరిపోయింది" అన్నాడు గవరయ్య, చింతచెట్టుకేసి వీపు రాసుకుంటూ.